తుపాకీ ఒకరిది, భారం అందరిదీ

ఫ్లోరిడాలో ముప్పై ఎనిమిదేళ్లుగా అమలులో ఉన్న ఒక నిషేధం 2025 సెప్టెంబర్ 10న రద్దయింది. తుపాకీని పైకి కనిపించేలా పెట్టుకుని జనంలో తిరగడం ఆ రాష్ట్రంలో 1987 నుంచి నేరం. ఆ చట్టం ఆయుధాల హక్కునిచ్చే అమెరికా రాజ్యాంగ రెండో సవరణకు విరుద్ధమని అక్కడి అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. పై కోర్టుకు వెళ్లి చట్టాన్ని నిలబెట్టవలసిన అటార్నీ జనరల్ ఆ తీర్పును స్వాగతించి, ఇకమీదట రాష్ట్రమంతటికీ ఇదే వర్తిస్తుందని ప్రకటించారు. కొద్ది రోజులకే ప్రశ్న సూపర్‌మార్కెట్ల గుమ్మం ముందుకు వచ్చింది. నడుముకు పిస్తోలు తగిలించుకుని పాలు, గుడ్లు, బ్రెడ్డు కొనుక్కోవడానికి వచ్చే మనిషిని లోపలికి రానివ్వాలా, వద్దా? కొన్ని పెద్ద దుకాణ సంస్థలు దయచేసి తేవద్దని కోరాయి. ఉద్యోగులే వాటాదారులుగా ఉన్న పబ్లిక్స్, ఆ రాష్ట్రంలో ఊరూరా శాఖలున్న సంస్థ, చట్టాన్ని పాటిస్తామని చెప్పింది. తుపాకీ ఉన్నా లేకపోయినా, ఎవరైనా బెదిరించేలాగానో ప్రమాదకరంగానో ప్రవర్తిస్తే పోలీసులను పిలుస్తామని కూడా చెప్పింది.

వినడానికి సబబుగా ఉన్న ఈ మాటలో పెద్ద అన్యాయం ఉంది. ప్రవర్తన బెదిరింపుగా ఉందా లేదా అన్నది ఎవరు తేల్చాలి? పాల డబ్బాలు సర్దుతున్న పద్దెనిమిదేళ్ల కుర్రవాడా? బిల్లింగ్ కౌంటర్లో నిలబడ్డ మహిళా? బండిలో పసిబిడ్డను కూర్చోబెట్టుకుని వరసలో నిలబడ్డ తల్లా? తుపాకీ పెట్టుకున్న మనిషి పేరు వాళ్లకు తెలియదు, ఊరు తెలియదు, ఉద్దేశం అసలే తెలియదు. తెలిసినదల్లా ఒక్కటే: అతడు తలుచుకుంటే రెండు సెకన్లలో తమ ప్రాణం పోతుంది. తెలియజెప్పవలసిన బాధ్యత అతడికి లేదు. తెలుసుకోవలసిన పని మాత్రం చుట్టూ ఉన్నవాళ్లందరి మీదా పడింది. బహిరంగంగా తుపాకీ ధరించే హక్కును చట్టం చేసిన శాసనసభలు, ఆ చట్టం వెనక నక్కిన వ్యాపార సంస్థలు చేసిన అసలు తప్పు ఇదే. హక్కును ఒకరి చేతికిచ్చి, దాని బరువును నిరాయుధుల నెత్తిన పెట్టాయి.

ఈ బరువు ఎలాంటిదో కొలరాడో స్ప్రింగ్స్ నగరం 2015 అక్టోబర్ 31న చూసింది. ఉదయం వేళ ఒక మహిళ తన ఇంటి ఎదుట రైఫిల్ పట్టుకుని తిరుగుతున్న మనిషిని గమనించి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసింది. పెట్రోల్ డబ్బాలు పట్టుకుని ఒక భవనంలోకి వెళ్లాడని కూడా చెప్పింది. ఫోన్ తీసిన ఉద్యోగిని, కొలరాడోలో తుపాకీని బహిరంగంగా పట్టుకు తిరగడం చట్టబద్ధమేనని ఆమెకు వివరించింది. కొద్ది నిమిషాల్లోనే ఆ మహిళ మళ్లీ ఫోన్ చేయవలసి వచ్చింది. ఈసారి ఆమె కళ్ల ముందే సైకిల్ మీద వెళ్తున్న ఒకతన్ని అతడు కాల్చి చంపాడు. పోలీసుల తూటాలకు కూలేలోపు ఇంకో ఇద్దరి ప్రాణాలు తీశాడు.

ఫోన్ తీసిన ఆ ఉద్యోగినిని తిట్టిపోయడం తేలిక. ఆమె చెప్పింది అబద్ధం కాదు. ఆ రాష్ట్రపు చట్టం ఏం చెబుతోందో అదే చెప్పింది. భయపడిన పౌరురాలికి రాజ్యం తరఫున జవాబిచ్చే గొంతు ఆమెది. ఆ గొంతులో ఏ జవాబు పెట్టాలో నిర్ణయించింది చట్టసభ. తుపాకీతో తిరగడాన్ని మామూలు విషయంగా మార్చేస్తే, మొదటి తూటా పేలేదాకా హంతకుడు కూడా మామూలు మనిషే. అనుమానానికి అర్థమే లేకుండా పోతుంది. ముందే పసిగట్టి నోరు విప్పిన పొరుగింటి మహిళ మాట, పాఠం చెప్పి పంపించవలసిన అజ్ఞానంగా మారుతుంది.

టెక్సాస్‌లో దీన్ని ఇంకాస్త పకడ్బందీగా రాశారు. అక్కడి శిక్షాస్మృతి ప్రకారం తుపాకీని చూపించడం నేరం కావాలంటే, ఎదుటివాళ్లను హడలగొట్టాలన్న లెక్కతోనే అలా చూపించాడని రుజువు కావాలి. ఎంతమంది హడలిపోయారన్నది లెక్కలోకి రాదు. 2019 ఆగస్టు 3న ఎల్ పాసో వాల్‌మార్ట్‌లో ఒక ద్వేషోన్మాది రైఫిల్‌తో 23 మందిని పొట్టన పెట్టుకున్నాడు. బడులు తెరిచే ముందు పిల్లల సామాన్లు కొనడానికి వచ్చిన కుటుంబాలతో దుకాణం కిటకిటలాడుతున్న శనివారం అది. రైఫిల్ చేతబట్టి దుకాణం వైపు నడిచినంత మాత్రాన టెక్సాస్‌లో అది నేరం కాదు. ఎవరైనా అతన్ని చూసి ఫోన్ చేసి ఉంటే, పోలీసులు ఏ కారణంతో ఆపాలి?

ఇంకా వారం గడవలేదు. ఆగస్టు 8న మిజోరీ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వాల్‌మార్ట్‌కి ఇరవై ఏళ్ల యువకుడు వచ్చాడు. ఒంటి మీద తూటాలు ఆపే కవచం, రైఫిల్, వందకు పైగా తూటాలు. సామాన్ల బండి తోసుకుంటూ తన నడకను తానే ఫోన్‌లో చిత్రీకరించుకున్నాడు. జనం తలో దిక్కుకూ పరుగెత్తారు. దుకాణం మేనేజర్ అగ్నిప్రమాద హెచ్చరిక గంట మోగించి అందరినీ బయటికి పంపారు. డ్యూటీలో లేని ఒక అగ్నిమాపక ఉద్యోగి తన తుపాకీ గురిపెట్టి అతన్ని నిలువరించాడు. తన రెండో సవరణ హక్కును వాల్‌మార్ట్ గౌరవిస్తుందో లేదో పరీక్షిద్దామని వచ్చానని ఆ యువకుడు పోలీసులకు చెప్పాడు. పరీక్ష అతడిది. పరీక్షకు కూర్చున్నది, అడగకుండానే, ఆ దుకాణంలో ఉన్న ప్రతి ఒక్కరూ. ఎల్ పాసో మృతుల అంత్యక్రియలు కూడా ఇంకా పూర్తికాని రోజులవి.

ఇలాంటివాళ్లు తమ ఉద్యమానికి చెడ్డపేరు తెస్తున్నారని ఓపెన్ క్యారీ (బహిరంగంగా తుపాకీ ధరించడం) సమర్థకులే అంటారు. నడుముకు పిస్తోలు పెట్టుకుని బుద్ధిగా కూరలు కొనుక్కుని వెళ్లిపోయే పెద్దమనుషులను వీళ్లతో కలపవద్దంటారు. ఎవరైనా కంగారుగా చూస్తే మర్యాదగా మాట్లాడాలని, ఇది చట్టబద్ధమని చెప్పి ధైర్యం చెప్పాలని, పోలీసులు వస్తే సహకరించాలని ఒకరికొకరు సలహాలు ఇచ్చుకుంటారు. వాళ్లలో చాలామంది మంచివాళ్లేనని నమ్మడానికి మనకు అభ్యంతరం లేదు. కానీ ఆ మంచితనం వరసలో వెనక నిలబడ్డ మహిళకు కనిపించేదెలా? ఆమెకు కనిపించేది ఆయుధం. చిరునవ్వుతో ధైర్యం చెప్పే మనిషి చేతికి అందేంత దూరంలో తుపాకీ ఉన్నప్పుడు, విన్నవాళ్లు తలూపుతారు. ఆ తలూపడాన్ని అంగీకారం అనుకోవడం పొరపాటు. ఎదుటివాడు కాదనలేని స్థితిలో జరిగే సంభాషణలో నచ్చజెప్పడం అన్నదే ఉండదు.

పోలీసులకైనా తేలిక కాదు. 2016 జూలై 7న టెక్సాస్‌లోని డాలస్ నగరంలో శాంతియుత ప్రదర్శన జరుగుతుండగా ఒక ముష్కరుడు అయిదుగురు పోలీసు అధికారులను కాల్చి చంపాడు. ఆ ప్రదర్శనలో భుజాలకు రైఫిళ్లు తగిలించుకుని చట్టబద్ధంగా వచ్చినవాళ్లు పాతిక మంది దాకా ఉన్నారు. కాల్పులు మొదలవగానే వాళ్లంతా పరుగెత్తారు. ఎవరు హంతకుడో, ఎవరు ప్రాణభయంతో పారిపోతున్నారో తెలియక పోలీసులు అల్లాడారు. తుపాకీ పట్టుకున్న ఒక అమాయకుడి ఫొటోను అనుమానితుడంటూ పోలీసు శాఖే లోకానికి విడుదల చేసింది. అతడు అప్పటికే తన రైఫిల్‌ను ఒక అధికారికి అప్పగించాడు. కాల్పులు మొదలయ్యాక మంచివాడెవరో చెడ్డవాడెవరో తెలుసుకోవడం కష్టమని అప్పటి పోలీసు అధిపతి డేవిడ్ బ్రౌన్ బాహాటంగానే చెప్పారు. అయిదుగురు సహచరులను పోగొట్టుకున్న అధికారి మాట అది. అయిదేళ్లు గడిచేసరికి, 2021లో, లైసెన్స్ కూడా అక్కర్లేకుండా పిస్తోలు పెట్టుకుని తిరగవచ్చన్న చట్టంపై టెక్సాస్ గవర్నర్ గ్రెగ్ ఆబట్ సంతకం చేశారు. ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి అది అమలులో ఉంది. డాలస్ కొత్త పోలీసు అధిపతి సహా ఎందరో పోలీసు అధికారులు వద్దని చెప్పినా శాసనసభ వినలేదు. ఇలా అనుమతిపత్రం లేకుండానే తుపాకీతో తిరగనిచ్చే రాష్ట్రాలు ఇప్పుడు 29.

ఎదుటి పక్షం దగ్గర బలమైన వాదన ఒకటి ఉంది, దాన్ని దాటవేయకూడదు. 1991 అక్టోబర్ 16న టెక్సాస్‌లోని కిలీన్ పట్టణంలో భోజనశాల కిటికీని పికప్ ట్రక్కుతో గుద్దుకుని లోపలికి వచ్చిన ఒకడు 23 మందిని చంపాడు. ఆ కాల్పుల్లో సుజానా హప్ అనే మహిళ తల్లిదండ్రులిద్దరూ ప్రాణాలు విడిచారు. ఆమె పిస్తోలు ఆ సమయంలో కారులో ఉంది. లోపలికి తెచ్చుకోవడం అప్పటి చట్టం ప్రకారం నేరం కాబట్టి అక్కడే వదిలి వచ్చింది. ఆ తరువాత ఆమె శాసనసభకు ఎన్నికై తుపాకీ హక్కుల కోసం పోరాడారు. ఆమె దుఃఖం ముందు ఎవరైనా తల వంచవలసిందే. కానీ ఆమె అనుభవం నుంచి పుట్టింది 1995లో జార్జ్ డబ్ల్యూ బుష్ సంతకం చేసిన చట్టం. శిక్షణ పొంది, లైసెన్స్ తీసుకుని, పిస్తోలును దుస్తుల కింద దాచుకుని వెళ్లడానికే అది వీలిచ్చింది. ఆత్మరక్షణే లక్ష్యమైతే ఆయుధం పదిమందికీ కనబడవలసిన అవసరం ఏమిటి? చంపడానికి వచ్చినవాడు ముందుగా ఎవరిని కాల్చాలో తేల్చుకోవడానికి తప్ప, పైకి కనిపించే పిస్తోలు దేనికి పనికొస్తుంది? దాచిపెట్టుకుంటే సరిపోయేదాన్ని పైకి చూపించడంలో మిగిలేది ఒక్కటే ప్రయోజనం: చూసినవాళ్లలో కలిగే అలజడి. ఆ అలజడి అక్కర్లేదని ధరించినవాళ్లు ప్రమాణం చేసి చెప్పినా, అది కలగకుండా ఆపలేరు.

దాచిపెట్టుకునే హక్కు వల్లనైనా మేలు జరిగిందా అంటే, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ డోనహ్యూ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనం కాదంటోంది. తుపాకీతో తిరిగే హక్కును విస్తరించిన రాష్ట్రాల్లో పదేళ్ల తరువాత హింసాత్మక నేరాలు, ఆ చట్టాలు లేకపోతే ఉండగల స్థాయి కంటే 13 నుంచి 15 శాతం ఎక్కువగా ఉన్నాయని వాళ్లు తేల్చారు. 2021లో అమెరికాలో తుపాకీ మరణాలు 48,830. అందులో సగానికి పైగా ఆత్మహత్యలు.

చరిత్ర తమ వైపే ఉందన్నది మరో వాదన. 2022 జూన్ 23న సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో, ఇంటి బయట తుపాకీ పెట్టుకు తిరగడం రాజ్యాంగ హక్కేనని చెబుతూ, నేటి ఆంక్షలకు పూర్వచరిత్రలో పోలిక ఉండాలని షరతు పెట్టింది. అయితే చరిత్రనే చూద్దాం. మూడో ఎడ్వర్డ్ కాలంలో, 1328లో, ఇంగ్లండులో నార్తాంప్టన్ శాసనం వచ్చింది. ఆయుధాలతో తిరగకూడదని అది ప్రత్యేకించి పేరుపెట్టి చెప్పిన చోట్లలో సంతలు, బజార్లు ఉన్నాయి. నాలుగు ఊళ్లవాళ్లు, ముఖపరిచయం లేనివాళ్లు, బేరాలాడుకునేచోట ఆయుధం ఉంటే ఏమవుతుందో ఏడువందల ఏళ్ల కిందటి రాజులకు తెలుసు. ఆ శాసనానికి ఇప్పుడు పెద్ద విలువ లేదని బ్రూయెన్ తీర్పు రాసిన న్యాయమూర్తి క్లారెన్స్ థామస్ పక్కన పెట్టేశారు. తుపాకుల సీమగా సినిమాలు చూపించిన అరిజోనాలోని టూంబ్‌స్టోన్ పట్టణం 1881 ఏప్రిల్‌లో ఊళ్లో ఆయుధాలు ధరించరాదని నిబంధన చేసింది. ఊళ్లోకి వచ్చినవాళ్లు తుపాకులు అప్పజెప్పి తిరగాలి. అదే ఏడాది అక్టోబర్‌లో ఓకే కొరాల్ దగ్గర జరిగిన ప్రసిద్ధ కాల్పులకు దారితీసింది ఆ నిబంధనను అమలు చేయబోవడమే. పిస్తోలుతో తిరగడాన్ని టెక్సాస్ 1871లో నిషేధించింది. ఒక శతాబ్దానికి పైగా ఆ నిషేధం కొద్ది మినహాయింపులతో సాగింది. నేడు టెక్సాస్ సంప్రదాయమని చెలామణీ అవుతున్న దృశ్యం, దుకాణంలో నడుముకు పిస్తోలు పెట్టుకు తిరిగే మనిషి, 2016 జనవరి 1న పుట్టింది.

నిజమే, పంతొమ్మిదో శతాబ్దపు కొన్ని కోర్టులు దాచుకున్న ఆయుధాన్ని పిరికితనంగా, పైకి కనిపించే ఆయుధాన్ని నిజాయితీగా చూశాయి. ఫ్లోరిడా తీర్పు వెనక ఉన్న తర్కం అదే. ఒకరినొకరు తరతరాలుగా ఎరిగిన చిన్న పల్లెలో ఆ మాటకు కొంత అర్థం ఉండేది. తుపాకీ పెట్టుకున్నవాడు ఫలానా వారి అబ్బాయి, వేటకు పోతున్నాడు అని అందరికీ తెలుసు. రోజుకు వేలమంది అపరిచితులు వచ్చిపోయే దుకాణంలో, బఫలో నగరపు టాప్స్ సూపర్‌మార్కెట్‌లో 2022లో పది మంది, బౌల్డర్ నగరపు కింగ్ సూపర్స్ సూపర్‌మార్కెట్‌లో 2021లో పది మంది నేలకొరిగిన ఈ దేశంలో, ఆ పాత మర్యాదను తెచ్చి అతికించడం న్యాయం కాదు.

ఈ హక్కు ఒంటి రంగును బట్టి మారుతుందన్నది కూడా దాచలేని నిజం. ఒహాయో బహిరంగంగా తుపాకీ ధరించనిచ్చే రాష్ట్రం. 2014 ఆగస్టు 5న అక్కడి బీవర్‌క్రీక్ వాల్‌మార్ట్‌లో ఒక 22 ఏళ్ల నల్లజాతి యువకుడు అమ్మకానికి పెట్టిన గాలి తుపాకీని అరలోంచి తీసి పట్టుకుని, ఫోన్‌లో మాట్లాడుకుంటూ దుకాణంలో నడిచాడు. ఒక కొనుగోలుదారు 911కి ఫోన్ చేశాడు. వచ్చిన పోలీసులు చూసీ చూడగానే కాల్చేశారు. అతను చనిపోయాడు. ఆ తొక్కిసలాటలో పారిపోతూ గుండె ఆగి ఇంకొక మహిళ మరణించింది. కాల్చిన అధికారిపై అభియోగం మోపడానికి గ్రాండ్ జ్యూరీ ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది అదే ఒహాయో నుంచి వెళ్లిన వేరొక కేసులో, నిజమైన పిస్తోలు నడుముకు పెట్టుకుని కుక్కను నడిపిస్తున్న మనిషికి బేడీలు వేసి అరగంట కూర్చోబెట్టడం తప్పని ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తీర్పు చెప్పింది. చట్టం అనుమతించిన పనిని చూసి దారిన పోయేవాడు కంగారు పడితే, అది పోలీసులు పట్టుకోవడానికి కారణం కాదంది. రెండూ ఒకే రాష్ట్రపు చట్టం కింద జరిగినవే. కాలిఫోర్నియాలో 1967లో నల్లజాతి ఉద్యమ సంఘం బ్లాక్ పాంథర్ సభ్యులు తుపాకులు పట్టుకుని శాసనసభ భవనంలోకి నడిచినప్పుడు ఏమైంది? తూటాలు నింపిన తుపాకీతో బయట తిరగడాన్ని నిషేధిస్తూ అప్పటి గవర్నర్ రొనాల్డ్ రీగన్ ఆ ఏడాదే సంతకం చేశారు. జాతీయ రైఫిల్ సంఘం ఆ బిల్లును సమర్థించింది. ఎవరి చేతిలో తుపాకీ ఉంటే చట్టసభకు భయమేసిందో చూడండి. భయం చట్టానికి ఆధారం కాకూడదని ఇవాళ వాదిస్తున్న సంఘానికి ఆ రోజు భయం సరిపోయింది.

వ్యాపార సంస్థల దగ్గరికి వద్దాం, ఎందుకంటే దుకాణం వాళ్లది. 2013లో స్టార్‌బక్స్ అధిపతి హోవార్డ్ షుల్ట్జ్ బహిరంగ లేఖ రాసి తుపాకులు తేవద్దని కోరారు. ఇది నిషేధం కాదు, మనవి మాత్రమేనని అందులోనే స్పష్టం చేశారు. మరుసటి ఏడాది తల్లుల సంఘాలు వీధికెక్కిన తరువాత టార్గెట్ అదే కోరిక కోరింది. ఎల్ పాసో రక్తం ఆరకముందే, 2019 సెప్టెంబర్ 3న, వాల్‌మార్ట్ అధిపతి డగ్ మెక్‌మిలన్ పిస్తోలు తూటాల అమ్మకం ఆపుతున్నామని, బహిరంగంగా తుపాకీ ధరించి రావద్దని మనవి చేస్తున్నామని చెప్పారు. ఆ వారంలోనే క్రోగర్, సీవీఎస్, వాల్‌గ్రీన్స్ అదే బాట పట్టాయి. తూటాల అమ్మకం ఆపడం నిజమైన త్యాగం, దానికి అభినందించాలి. కానీ మనవి దగ్గర ఆగిపోవడం ఏమిటి?

టెక్సాస్ శిక్షాస్మృతిలో 30.07 అనే సెక్షన్ ఉంది. దుకాణదారు చట్టం చెప్పిన మాటలతో గుమ్మంలో బోర్డు పెడితే, లైసెన్స్ ఉన్నవాడు కూడా పిస్తోలును పైకి పెట్టుకుని లోపలికి రావడం నేరం అవుతుంది. కనిపించే పిస్తోళ్లను అనుమతించబోమని ఏనాడో ప్రకటించిన హెచ్‌ఈబీ టెక్సాస్‌లో పుట్టి పెరిగిన దుకాణమే. దాని వ్యాపారం ఏమీ పడిపోలేదు. మనవి చేసి ఊరుకునే దుకాణంలో జరిగేది వేరు. పిస్తోలుతో వచ్చిన మనిషిని పక్కకు పిలిచి, అయ్యా మా సంస్థ వద్దంటోంది అని చెప్పే పని గంటకు కొద్ది డాలర్లు సంపాదించే ఉద్యోగి మీద పడుతుంది. కోట్ల డాలర్ల సంస్థ తలుపు మీద అతికించడానికి వెనకాడిన మాటను, సాయుధుడి ముఖం మీద చెప్పవలసింది ఆ ఉద్యోగి.

చెబితే ఏం జరగవచ్చో కోవిడ్ కాలంలో చూశాం. 2021 జూన్‌లో అట్లాంటా పొరుగున డికేటర్ దగ్గర ఒక సూపర్‌మార్కెట్‌లో, మాస్కు గురించి గొడవపడి బయటికి వెళ్లిన మనిషి తిరిగి వచ్చి క్యాషియర్‌ను కాల్చి చంపాడు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో జరిగింది మన తెలుగు ఇళ్లలో ఎవరూ మరిచిపోలేదు. బార్‌లో మన ఇద్దరు యువ ఇంజినీర్లను జాతి పేరుతో దూషించినవాణ్ని బయటికి పంపేస్తే, తుపాకీతో తిరిగి వచ్చి కాల్చాడు. ఒకరు కన్నుమూశారు. నిబంధన చెప్పినందుకు, బయటికి పొమ్మన్నందుకు పగబట్టి తిరిగి వచ్చే మనుషులున్న చోట, ఆ నిబంధనను ఒంటరి ఉద్యోగి నోటితో చెప్పించడం క్రూరత్వం.

తెలుగువాళ్లకు ఇది దూరపు దేశపు చర్చ కానే కాదు. టెక్సాస్‌లోని ఫ్రిస్కో, ప్లేనో, ఆలెన్, అర్వింగ్ పేర్లు ఇవాళ గుంటూరు, కరీంనగర్ ఇళ్లలో పక్క ఊళ్ల పేర్లలా వినిపిస్తాయి. 2023 మే 6న ఆలెన్‌లోని షాపింగ్ మాల్‌లో ఎనిమిది మందిని బలిగొన్న కాల్పుల మృతుల్లో హైదరాబాద్ ప్రాంతానికి చెందిన ఒక యువ ఇంజినీర్ ఉంది. శనివారం మధ్యాహ్నం స్నేహితుడితో షాపింగ్‌కు వెళ్లిన అమ్మాయి ఆమె. అదే ఏడాది ఏప్రిల్‌లో ఒహాయోలోని కొలంబస్‌లో ఏలూరు విద్యార్థి, 2025 అక్టోబర్‌లో టెక్సాస్‌లో హైదరాబాద్ యువకుడు, ఇద్దరూ పార్ట్‌టైమ్ పనిచేస్తున్న గ్యాస్ స్టేషన్లలో తూటాలకు బలయ్యారు. వీటిలో ఏదీ ఓపెన్ క్యారీ చట్టం వల్లే జరిగిందని మనం అనడం లేదు. దొంగ తుపాకీని దాచుకునే వస్తాడు. చెప్పదలచుకున్నది ఇది: రాత్రి పదకొండు గంటలకు గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనక ఒంటరిగా నిలబడేది చాలాచోట్ల మన పిల్లలు. తలుపు తోసుకుని వచ్చిన మనిషి నడుముకు పిస్తోలు కనిపిస్తే, అతడు సిగరెట్లు కొనడానికి వచ్చాడా, గల్లాపెట్టె కోసం వచ్చాడా అని ఆ క్షణంలో తేల్చుకోవలసింది వాళ్లే. ఎన్నికలు వస్తే లైసెన్స్ ఉన్న తుపాకులు కూడా పోలీసు స్టేషన్‌లో జమ చేసే దేశం నుంచి వెళ్లిన పిల్లలు. ఫోన్ చేస్తే పోలీసులు ఏమంటారో తెలియదు. వీసా మీద ఉన్నవాళ్లకు పోలీసులను పిలవడమే ఒక భయం.

మన పెద్దల్లో కొందరు ఈ మాట వినగానే మనమూ ఒకటి కొని నడుముకు పెట్టుకుందాం అంటున్నారు. బీవర్‌క్రీక్‌లో గాలి తుపాకీ పట్టుకున్న యువకుణ్ని ఒకసారి తలుచుకోమని వాళ్లను వేడుకుంటున్నాం. ఒలేతాలో కాల్చినవాడు మనవాళ్లను ఇరానీయులనుకున్నాడు. ముఖం చూసి ఇంత పొరపడే దేశంలో, గోధుమరంగు మనిషి నడుముకు వేలాడే పిస్తోలును చూసి ఫోన్ చేసేవాడు ఏమని చెబుతాడో, వచ్చిన పోలీసు ఎంతసేపు ఆగుతాడో ఎవరూ హామీ ఇవ్వలేరు.

చేయవలసిన పని స్పష్టంగా ఉంది. హవాయి రాష్ట్రం 2023లో ఒక చట్టం చేసింది. ప్రజలు వచ్చిపోయే ప్రైవేటు స్థలంలోకి, యజమాని స్పష్టంగా సరేనంటే తప్ప, తుపాకీతో వెళ్లకూడదు. మౌనాన్ని వద్దన్నట్టుగా చదవాలంది. టెక్సాస్‌లో, ఫ్లోరిడాలో మౌనాన్ని రమ్మన్నట్టుగా చదువుతున్నారు. హవాయి చట్టంపై వచ్చిన సవాలును సుప్రీంకోర్టు 2025 అక్టోబర్‌లో విచారణకు స్వీకరించింది. కోర్టు దారి ఏదైనా, న్యాయం హవాయి వైపే ఉంది. పరాయి గడపలోకి ఆయుధం తెచ్చేవాడే ముందు అనుమతి అడగాలి. శాసనసభలు ఆ నియమాన్ని రాయగలిగినంత మేరకు రాయాలి. 911 ఉద్యోగులు ఫోన్ చేసినవారికి చట్టం పాఠం చెప్పి వదిలేయకుండా, రైఫిల్ పట్టుకుని తిరుగుతున్నాడన్న ప్రతి పిలుపుకూ కనీసం ఒక అధికారిని పంపేలా పోలీసు శాఖలు ఆదేశాలు మార్చుకోవాలి. దూరం నుంచి గమనించడానికి ఏ కోర్టూ అడ్డు చెప్పలేదు.

చట్టసభలు ఎప్పుడు కదులుతాయో తెలియదు గనుక, దుకాణాలున్న తెలుగువాళ్లకు ఒక మాట. టెక్సాస్‌లో కిరాణా కొట్లు, హోటళ్లు, గ్యాస్ స్టేషన్లు నడుపుతున్న మనవాళ్లు ఎందరో ఉన్నారు. 30.07 బోర్డు పెట్టుకునే హక్కు వాల్‌మార్ట్‌కి ఎంత ఉందో మీకూ అంతే ఉంది. ఇంగ్లీషు, స్పానిష్ రెండింటిలోనూ, కనీసం అంగుళం ఎత్తున్న అక్షరాలతో, వెనక రంగుకు భిన్నమైన రంగులో, ప్రతి ద్వారం దగ్గరా స్పష్టంగా కనిపించేలా ఉండాలి. ఒక్క ద్వారం వదిలినా, ఒక్క మాట మారినా అది చెల్లకపోవచ్చు. లైసెన్స్ లేకుండా పిస్తోలు తెచ్చేవారికి 30.05 కింద వేరే బోర్డు ఉంది, దాన్నీ పక్కనే పెట్టండి. బోర్డు దాటి వచ్చినందుకు జరిమానా 200 డాలర్లకు మించదు. వెళ్లమని నోటితో చెప్పినా కదలకపోతే అది ఇంకా పెద్ద నేరమవుతుంది. కానీ ఆ నోటిమాట చెప్పే పని మాత్రం కౌంటర్‌లో ఉన్న విద్యార్థికి వదలకండి. అలాంటి మనిషి వస్తే ఎదురు మాట్లాడవద్దని, వెనక గదిలోకి వెళ్లి ముందు మీకు, తరువాత పోలీసులకు ఫోన్ చేయమని, ఆ రాత్రి గల్లా లెక్క తప్పినా జీతంలో కోత పెట్టబోమని ఉద్యోగంలో చేరిన మొదటి రోజే కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వండి.